హోమ్‌లోన్‌కు వెళ్లే ముందు సిబిల్ స్కోరు బాగుచేసుకోవడం ఎలా?

ఇల్లు కొనేటప్పుడు చాలా కుటుంబాల్లో జరిగే వరుస ఇది. ముందు ఫ్లాట్ నచ్చుతుంది, అడ్వాన్స్ ఇస్తారు, అగ్రిమెంట్ రాసుకుంటారు, ఆ తర్వాత బ్యాంకుకు వెళ్తారు. అక్కడ పాన్ నంబర్ కొట్టగానే ఎప్పుడో మర్చిపోయిన క్రెడిట్ కార్డు బాకీ ఒకటి బయటపడుతుంది. రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడుతుంటుంది, ఫైలు కదలదు, అడ్వాన్స్ పోతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. నిజానికి ఆ బాకీ తీర్చి రికార్డు సరిచేయించుకోవడం పెద్ద పనేమీ కాదు. కాకపోతే దానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. అప్పటికి ఆ టైమే ఉండదు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. లోన్ కావాల్సిన రోజుకు కనీసం ఆరు నెలల ముందు మీ క్రెడిట్ రిపోర్టు, అంటే మీ లోన్లు, కార్డుల చెల్లింపుల చరిత్ర ఉండే పత్రం, తెరవండి. పైన కనిపించే అంకె చూసి మూసేయకుండా, కింద ఉన్న ఒక్కో ఖాతానూ చదవండి. రిపోర్టులో ఉన్నది బాగుపడితే స్కోరు దానంతటదే పెరుగుతుంది. అది కాకుండా స్కోరును పెంచే దారి వేరే ఏదీ లేదు.

ఇంత శ్రమ దేనికి అనిపిస్తే లెక్క చూడండి. 50 లక్షల లోన్, 20 ఏళ్ల గడువు అనుకుందాం. వడ్డీ 8.5 శాతమైతే ఈఎంఐ సుమారు 43,391 రూపాయలు. 9 శాతమైతే 44,986. అర శాతం తేడాకే నెలకు దాదాపు 1,600 రూపాయలు, ఇరవై ఏళ్లు కట్టేసరికి 3 లక్షల 80 వేలకు పైగా. చాలా బ్యాంకులు ఇప్పుడు హోమ్‌లోన్ వడ్డీని స్కోరు స్లాబులను బట్టే నిర్ణయిస్తున్నాయి. కాబట్టి లోన్ వస్తుందా రాదా అన్నది సగం సంగతే. ఎంత వడ్డీకి వస్తుందన్నదీ ఈ రిపోర్టు మీదే ఆధారపడి ఉంటుంది.

ముందుగా: ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

మన దేశంలో రిజర్వ్ బ్యాంక్ లైసెన్సుతో పనిచేసే క్రెడిట్ బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హై మార్క్. 2000లో మొదలైన సిబిల్ అన్నిటికన్నా పాతది, అందుకే ఏ బ్యూరో స్కోరునైనా జనం సిబిల్ అనే అంటారు. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు మంచి స్కోరుగానే చూస్తాయి.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, కార్డు కంపెనీలు మీ లోన్లు, కార్డుల వివరాలను ఈ బ్యూరోలకు పంపుతాయి. హోమ్‌లోన్, పర్సనల్ లోన్, బైకు లోన్, గోల్డ్ లోన్, పంట రుణం, చదువు కోసం తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్, మైక్రోఫైనాన్స్ గ్రూపు రుణం, ఫోన్ కొనేటప్పుడు షాపులో పెట్టించుకున్న ఈఎంఐ, యాప్‌లో తీసుకున్న ఐదు వేల అప్పు అన్నీ అందులోకి వస్తాయి.

మీ జీతం, సేవింగ్స్ ఖాతాలో డబ్బు, డెబిట్ కార్డు, యూపీఐ చెల్లింపులు స్కోరులోకి రావు. చిట్టీ పాట సక్రమంగా కట్టినా, తెలిసినవాళ్ల దగ్గర నోటు రాసి తీసుకున్న అప్పు వడ్డీతో సహా తీర్చినా రిపోర్టులో ఎక్కడా కనిపించదు. లక్షన్నర జీతం వస్తున్న మనిషికి 640 స్కోరు, ముప్పై వేల జీతగాడికి 790 ఉండటం ఇందువల్లే. జీతాన్ని బ్యాంకు విడిగా చూస్తుంది, ఆ సంగతి చివర్లో చెప్తాను.

రిపోర్టు తెప్పించుకోండి, నాలుగు చోట్ల నుంచీ

ప్రతి బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు, స్కోరుతో సహా ఉచితంగా ఇవ్వాలి. ఇది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. బ్యూరోల సొంత వెబ్‌సైట్లలోనే తీసుకోండి. పాన్, మొబైల్ నంబర్, ఓటీపీ ఉంటే చాలు. సైటులో నెలవారీ ప్లాన్ కొనమని ముందుకు తోస్తుంటారు. కింద ఎక్కడో ఉచిత రిపోర్టు లింక్ ఉంటుంది, వెతికి పట్టుకోండి.

ఒక్క సిబిల్ చూస్తే సరిపోదా అంటే, సరిపోదు. మీరు వెళ్లే బ్యాంకు ఏ బ్యూరో చూస్తుందో మీ చేతిలో లేదు. ఒకచోట క్లోజ్ అయిన లోన్ ఇంకోచోట తెరిచే ఉన్నట్టు కనిపించడం మామూలే. ఉచితంగానే వస్తాయి కాబట్టి నాలుగూ ఒకే వారంలో తెప్పించి పక్కపక్కన పెట్టుకోండి. మీతోపాటు లోన్‌లో చేరే భార్యో భర్తో ఉంటే వాళ్ల రిపోర్టులు కూడా ఇప్పుడే తీయండి. ఇద్దరి పేరు మీద లోన్ అంటే బ్యాంకు ఇద్దరినీ చూస్తుంది.

మీ రిపోర్టు మీరే చూసుకుంటే స్కోరు తగ్గుతుందని ఒక భయం ప్రచారంలో ఉంది. తగ్గదు. లోన్ కోసం మీరు అప్లై చేసి, ఆ కారణంగా బ్యాంకు చూసినప్పుడు మాత్రమే అది విచారణ (ఎంక్వైరీ)గా నమోదవుతుంది.

కూర్చుని చదవండి

ఈ పనికి ఒక ఆదివారం మధ్యాహ్నం కేటాయించండి. చేతిలో పెన్ను, పక్కన ఒక కాగితం. ఫోన్‌లో కాకుండా ప్రింట్ తీసుకుంటే తేలిక.

మొదటి పేజీలో పేరు, పుట్టిన తేదీ, పాన్, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. పాన్ ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరేవాళ్ల అప్పు మీ ఖాతాలో పడే ప్రమాదం ఉంది. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరంగా ఉంటుంది. ఒకే పేరున్నవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. కాబట్టి ఈ పేజీని పైపైన చూసి వదిలేయకండి. మీరు ఎప్పుడూ ఉండని చిరునామా, మీది కాని ఫోన్ నంబర్ కనిపిస్తే గీత గీయండి. తెలియని చిరునామా కనిపించిందంటే చాలాసార్లు తెలియని లోన్ కూడా వెనకాలే ఉంటుంది.

తర్వాత ఖాతాల భాగం. ఇక్కడే అసలు విషయం ఉంది. ఒక్కో ఖాతాకూ ఈ నాలుగు చూడండి: ఇది నాదేనా, ఎవరి హోదాలో ఉంది, ఇంకా ఎంత బాకీ చూపిస్తోంది, నెలనెలా చెల్లింపు ఎలా నమోదైంది.

హోదా అంటే, ఆ లోన్ మీ ఒక్కరిదా, ఉమ్మడిదా, లేక మీరు షూరిటీ సంతకం పెట్టినదా అన్నది. బావమరిది బండికో, ఆఫీసులో స్నేహితుడి లోన్‌కో పెట్టిన సంతకం ఇక్కడ కనిపిస్తుంది. అతను కట్టకపోతే ఆ బాకీ మీ రిపోర్టులోనూ పడుతుంది. ఇలాంటిది కనిపిస్తే మొహమాటపడకుండా వెంటనే ఫోన్ చేసి ఈఎంఐలు ఎంతవరకు కట్టాడో కనుక్కోండి.

చెల్లింపుల వరుస దగ్గర ఎక్కువసేపు ఆగండి. సిబిల్ రిపోర్టులో గత 36 నెలలకు ఒక్కో గడి ఉంటుంది. గడిలో 000 ఉంటే ఆ నెల బాకీ లేదని అర్థం. 030 అని ఉంటే 30 రోజుల ఆలస్యం, 064 అని ఉంటే 64 రోజుల ఆలస్యం. దీన్ని డీపీడీ అంటారు. కొన్ని బ్యాంకులు అంకెకు బదులు ఎస్‌టీడీ అని పెడతాయి, అది ఫరవాలేదు, ఆలస్యం 90 రోజుల్లోపే అని. ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్‌ఎస్‌ఎస్ అనే అక్షరాలు కనిపిస్తే మాత్రం ఆ ఖాతా మొండిబాకీల్లోకి వెళ్లిందని. ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ ఉంటే ఆ నెల బ్యాంకు వివరం పంపలేదు, అందులో మీ తప్పేమీ లేదు.

బ్యాంకు అధికారి మొదట చూసేది కూడా ఈ వరుసనే. 000, 000, 000, 025, 000 అని ఉంటే ఏదో ఒక నెల ఇబ్బంది వచ్చిందని అనుకుంటాడు. చివరి నాలుగు గడుల్లో 028, 030, 058, 061 ఉంటే మనిషి ఇప్పుడు కష్టాల్లో ఉన్నాడని అర్థం చేసుకుంటాడు. రెండేళ్ల కిందటి ఆలస్యం కన్నా మొన్నటి ఆలస్యం చాలా ఎక్కువ నష్టం చేస్తుంది. ఈ ఆరు నెలలూ సున్నాలతో నింపమని చెప్పేది అందుకే.

తప్పు కనిపిస్తే ఫిర్యాదు

రిపోర్టుల్లో తప్పులు వస్తూనే ఉంటాయి. కట్టేసిన లోన్ ఇంకా నడుస్తున్నట్టు ఉండటం, ఒకే లోన్ రెండుసార్లు కనిపించడం, కట్టిన నెలకు ఆలస్యం పడటం, మీది కాని లోన్ ఉండటం ఎక్కువగా కనిపించే రకాలు.

బ్యూరో వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్ వేయొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. సిబిల్ రిపోర్టు పైన ఉండే కంట్రోల్ నంబర్ రాసిపెట్టుకోండి, ఫిర్యాదులో అదే అడుగుతారు. అయితే బ్యూరో తనంతట తాను ఏమీ మార్చదు. లోన్ ఇచ్చిన సంస్థను అడిగి, అది ఒప్పుకుంటేనే మారుస్తుంది. కాబట్టి డిస్ప్యూట్ వేసిన రోజే ఆ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి కూడా మెయిల్ పెట్టండి. లోన్ నంబర్, తప్పు ఏమిటో ఒక వాక్యం, సరిగ్గా ఏమని ఉండాలో ఇంకో వాక్యం, ఎన్‌ఓసీ (బాకీ ఏమీ లేదని సంస్థ ఇచ్చే పత్రం) లేదా ఈఎంఐ వెళ్లిన నెల బ్యాంకు స్టేట్‌మెంట్ జత. అంతే చాలు. బాధంతా వెళ్లబోసుకుంటూ రెండు పేజీలు రాస్తే చదివేవాళ్లకు అసలు విషయం దొరకదు.

ఇక్కడ నిబంధన మీ వైపే ఉంది. ఫిర్యాదు వేసిన 30 రోజుల్లో పరిష్కారం కావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. లోన్ ఇచ్చిన సంస్థ 21 రోజుల్లోగా బ్యూరోకు జవాబు పంపకపోతే ఆ పరిహారం దాని మీద పడుతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. మీ అభ్యర్థనను తిరస్కరిస్తే ఎందుకో కారణం కూడా చెప్పాలి. మెయిల్‌లో ఈ 30 రోజుల సంగతి మర్యాదగా ఒక వాక్యం ప్రస్తావించండి, పని తొందరగా కదులుతుంది.

అప్పటికీ తెమలకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఆర్‌బీఐ సీఎంఎస్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు నమోదు చేయొచ్చు. 14448 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ బ్యూరోలు కూడా ఈ పరిధిలోకి వచ్చాయి. అయితే ముందు బ్యాంకుకో, బ్యూరోకో రాసి 30 రోజులు ఆగిన రుజువు ఉండాలి.

మీరు ఎప్పుడూ తీసుకోని లోన్ మీ పాన్ మీద కనిపిస్తే మామూలు డిస్ప్యూట్‌తో ఆగకండి. అదే రోజు లోన్ ఇచ్చిన సంస్థకు మోసం అని స్పష్టంగా రాసి, 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరును రెండు చోట్లా జతచేయండి.

పాత బాకీలు: చిన్నవే ముందు

ఇప్పుడు మీ కాగితం మీద నిజంగా మీవే అయిన బాకీల జాబితా మిగులుతుంది. వీటిలో చిన్నవాటిని ముందు తీర్చేయండి. బాకీ 600 అయినా 60,000 అయినా గడిలో పడేది రోజుల లెక్కే.

ఎక్కువమంది ఇరుక్కునేది వాడని కార్డు దగ్గర. ఎవరో మాల్‌లో అడిగారని తీసుకున్న కార్డు, బీరువాలో పడి ఉంటుంది. రెండో ఏడాది 499 రూపాయల వార్షిక ఫీజు పడుతుంది, జీఎస్టీతో 589. బిల్లు పాత మెయిల్‌కో, మార్చేసిన నంబరుకో వెళ్తుంది. దాని మీద లేట్ ఫీజు, వడ్డీ, మళ్లీ జీఎస్టీ. ఏడాది తిరిగేసరికి వేలల్లో బాకీ, గడుల్లో మొండిబాకీ అక్షరాలు. ఇలాంటిది ఉంటే కార్డు కంపెనీతో మాట్లాడి అదనపు ఛార్జీలు తగ్గించమని అడగండి, చాలాసార్లు తగ్గిస్తారు. కానీ ఛార్జీలు తగ్గించడం, సెటిల్‌మెంట్ రెండూ ఒకటి కాదు. కట్టాక ఖాతా ‘క్లోజ్డ్’ అని పంపుతామని మెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి. బాకీ లేని కార్డును మూసేయమని అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేకపోతే రోజుకు 500 రూపాయలు మీకు ఇవ్వాలి. ఇది కూడా రిజర్వ్ బ్యాంక్ నిబంధనే.

సెటిల్‌మెంట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. లక్ష బాకీ ఉంటే 40 వేలు కట్టండి, ఖాతా ముగించేస్తాం అని రికవరీ ఏజెంట్ ఫోన్ చేస్తాడు. డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు అది వరంలా అనిపిస్తుంది. ఒప్పుకుంటే ఫోన్లు ఆగిపోతాయి, నిజమే. కానీ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. అంటే ఈ మనిషి మాకు పూర్తిగా కట్టలేదు అని ఆ సంస్థ మిగతా బ్యాంకులన్నిటికీ చెప్పినట్టు. హోమ్‌లోన్ ఆలోచన ఏమాత్రం ఉన్నా, నెలనెలా కొంచెం కొంచెంగా అయినా పూర్తి బాకీ కట్టే దారి అడగండి.

ఇప్పటికే సెటిల్ చేసుకుని ఉంటే దారి మూసుకుపోలేదు. ఆ సంస్థకు రాయండి: మిగిలిన మొత్తం కడతాను, ఎంత కట్టాలో చెప్పండి, కట్టాక ఎన్‌ఓసీ ఇచ్చి ఖాతా స్థితిని ‘క్లోజ్డ్’గా మార్చి బ్యూరోలకు పంపండి అని. ‘రిటన్ ఆఫ్’ అని ఉన్న ఖాతాకూ ఇదే పద్ధతి. బ్యాంకు తన పుస్తకాల్లో దాన్ని కొట్టేసినా మీరు కట్టాల్సిన బాకీ అలాగే ఉంటుంది. కొన్నిసార్లు బ్యాంకు ఆ అప్పును వేరే కంపెనీకి అమ్మేసి ఉంటుంది. అప్పుడు ఆ కంపెనీయే ఎన్‌ఓసీ ఇవ్వాలి. ఎవరికి కట్టినా లోన్ ఖాతాలోకే కట్టండి. ఏజెంట్ చేతికి నగదు గానీ, అతని సొంత నంబరుకు ఫోన్‌పే గానీ వద్దు.

పల్లెల్లో ఇంకో రకం కనిపిస్తుంది. బ్యాంకులో బంగారం పెట్టి వ్యవసాయం కింద తీసుకున్న లోన్‌కు నెలనెలా ఈఎంఐ ఉండదు, ఏడాదికి ఒకేసారి కట్టాలి లేదా తిరగరాయించాలి. నగలు బ్యాంకులోనే ఉన్నాయి కదా అని గడువు దాటి రెండు నెలలకు వెళ్తారు. నగలు భద్రంగానే ఉంటాయి, కానీ ఆ రెండు నెలలూ రిపోర్టులో ఆలస్యంగా పడతాయి. పంట రుణం మాఫీ అవుతుందని ఎదురుచూస్తూ కట్టకుండా ఆగినవాళ్లదీ ఇదే పరిస్థితి. మాఫీ డబ్బు ఖాతాలో పడేదాకా అది బాకీయే. ఊళ్లో నాన్న పేరు మీద ఉన్నది నాన్న రిపోర్టుకు సంబంధించింది. కానీ మీ పేరు మీద పాస్‌బుక్ ఉండి, వ్యవహారం నాన్న చూస్తుంటే, ఆ గడువు తేదీ మీ ఫోన్‌లో కూడా ఉండాలి.

కార్డు వాడకం తగ్గించండి: తొందరగా ఫలితం ఇచ్చేది ఇదే

లిమిట్‌లో ఎంత వాడుతున్నారన్నది స్కోరు మీద బాగా పనిచేస్తుంది. 30 శాతం దాటకుండా ఉంచుకోవడం మంచిదని సాధారణంగా చెప్పే లెక్క. చాలామందికి అర్థంకాని చోటు ఒకటుంది. లక్ష లిమిట్ ఉన్న కార్డు మీద నెలకు 80 వేలు వాడి, డ్యూ డేట్ లోపల పైసాతో సహా కట్టేస్తున్నా స్కోరు పెరగడం లేదంటారు. ఎందుకంటే బ్యూరోకు వెళ్లేది కార్డు కంపెనీ వివరాలు పంపే రోజున కార్డు మీద ఉన్న నిల్వ, అంటే అప్పటికి వాడి ఇంకా కట్టని మొత్తం. బిల్లు వచ్చి, మీరు కట్టే లోపే 80 శాతం వాడకంగా అది నమోదైపోతుంది.

దీనికి పరిష్కారం తేలిక. బిల్లు తయారయ్యే తేదీకి రెండు మూడు రోజుల ముందే 60 వేలు కట్టేయండి. బిల్లు 20 వేలకే వస్తుంది. 2025 జనవరి నుంచి సంస్థలు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలి కాబట్టి, నెల మధ్యలో ఒకసారి, నెలాఖరుకు ముందు ఒకసారి కార్డు నిల్వ దించేస్తే ఇంకా మంచిది. ఇదివరకు నెలకోసారి మాత్రమే వెళ్లేవి, మార్పు కనిపించడానికి చాలా ఆలస్యమయ్యేది. ఇప్పుడు కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది.

పెద్ద కొనుగోలును కార్డు మీదే ఈఎంఐగా మార్చుకుంటే వాడకం తగ్గిందనుకోకండి. మిగిలిన అసలు మొత్తం లిమిట్‌లో నుంచి పట్టే ఉంటుంది. కార్డు కంపెనీ లిమిట్ పెంచుతామంటే, ఖర్చు పెంచననే నమ్మకం మీకుంటే ఒప్పుకోండి. అదే 30 వేల ఖర్చు లక్ష లిమిట్‌లో 30 శాతం, రెండు లక్షల్లో 15 శాతం.

మినిమం డ్యూ కట్టడం వల్ల ఆ నెల ఆలస్యం పడదు, అంతవరకే దాని ఉపయోగం. మిగతా మొత్తం మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ నడుస్తూనే ఉంటుంది, వాడకమూ దిగదు. ఆ ఊబిలో ఉన్నవాళ్లు, కార్డు బాకీ తీర్చడానికి తక్కువ వడ్డీ పర్సనల్ లోన్ తీసుకోవడం లెక్కప్రకారం మంచిదే. కానీ హోమ్‌లోన్‌కు కనీసం ఆరు నెలల ముందే ఆ పని అయిపోవాలి. అలా ఖాళీ అయిన కార్డును మళ్లీ నింపితే మాత్రం రెండు అప్పులూ మెడకు చుట్టుకుంటాయి.

వాడని కార్డులన్నీ ఒకేసారి క్యాన్సిల్ చేయాలని అనిపించొచ్చు. వార్షిక ఫీజు లేని పాత కార్డును ఉంచండి. దాని లిమిట్ మొత్తం వాడకం శాతాన్ని తగ్గిస్తుంది, పాత ఖాతా మీ చరిత్ర పొడవును చూపిస్తుంది. నెలకు ఒక కరెంటు బిల్లు దాని మీద కట్టి వెంటనే తీర్చేస్తే చాలు.

ఒక్క ఈఎంఐ కూడా తప్పకుండా

ఆటో డెబిట్ పెట్టుకున్నాం కదా అని నిశ్చింతగా ఉంటారు. బౌన్స్‌లు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. ఈఎంఐ ఐదో తేదీన తెల్లవారుజామునే కొట్టేస్తుంది, జీతం అదే రోజు మధ్యాహ్నం పడుతుంది. ఖాతాలో ముందురోజు రాత్రికే డబ్బు ఉండాలి. జీతం తేదీ కుదరకపోతే ఈఎంఐ తేదీ మార్చమని లోన్ ఇచ్చిన సంస్థను అడగండి, లేదా ఈఎంఐల కోసమే ఒక ఖాతా పెట్టి ఒక నెల ఈఎంఐ మొత్తం ఎప్పుడూ అందులో ఉంచండి.

బౌన్స్ అయిన రెండు రోజుల్లో కట్టేస్తే బ్యూరో రిపోర్టులో పడకపోవచ్చు. కానీ హోమ్‌లోన్ ఇచ్చే బ్యాంకు మీ గత కొన్ని నెలల స్టేట్‌మెంట్ కూడా అడుగుతుంది. అందులో బౌన్స్ ఛార్జీ కనిపిస్తే వివరణ ఇవ్వాల్సి వస్తుంది. క్రెడిట్ కార్డు విషయంలో చిన్న వెసులుబాటు ఉంది: డ్యూ డేట్ దాటి మూడు రోజులు మించితేనే బ్యూరోకు బాకీ అని పంపాలి. అనుకోకుండా ఒకరోజు మర్చిపోతే కంగారుపడకుండా వెంటనే కట్టేయండి.

ఈ ఆరు నెలలూ ఎక్కడా అప్లై చేయొద్దు

మీకు ప్రీ అప్రూవ్డ్ లోన్ ఉంది, ఊరికే చెక్ చేసుకోండి అని వచ్చే ఫోన్లకు పాన్ నంబర్ చెప్పకండి. ఏజెంట్ మీ వివరాలు ఒకేసారి నాలుగైదు సంస్థల్లో లాగిన్ చేస్తాడు. మీ రిపోర్టులో నాలుగైదు విచారణలు వరసగా పడతాయి. చూసేవాళ్లకు ఈ మనిషి అప్పు కోసం అందరి తలుపులూ తడుతున్నాడని అనిపిస్తుంది. సంస్థలు మీ రిపోర్టు చూసినప్పుడు బ్యూరో నుంచి మీకు ఎస్సెమ్మెస్ లేదా మెయిల్ రావాలి. మీరు అడగనిదే అలాంటి మెసేజ్ వస్తే ఎవరు చూశారో వెంటనే కనుక్కోండి.

కొత్త ఫోన్‌కు, ఏసీకి షాపులో పెట్టే జీరో వడ్డీ ఈఎంఐ కూడా లోనే. ఈ కొన్ని నెలలు ఆగగలిగితే ఆగండి.

డబ్బులిస్తే స్కోరు పెంచుతాం, చెడ్డ ఎంట్రీలు తీయిస్తాం అనేవాళ్లూ ఫోన్ చేస్తారు. నిజమైన బాకీని ఎవరూ తీయించలేరు. తప్పుగా పడినదాన్ని తీయించుకోవడానికి మీరే ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. పైగా వాళ్లకు మీ పాన్, ఆధార్, ఓటీపీ ఇస్తే కొత్త చిక్కులు కొనితెచ్చుకున్నట్టే.

అసలు స్కోరే లేకపోతే

ఎప్పుడూ అప్పు చేయనివాళ్లకు స్కోరు బదులు ఎన్‌హెచ్ అనో, మైనస్ 1 అనో వస్తుంది. ఇది చెడ్డ స్కోరు కాదు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగేవాళ్లను తిరస్కరించకూడదని రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది. అయినా కొంచెం చరిత్ర ఉంటే మీ పని తేలికవుతుంది.

తేలికైన దారి, మీ బ్యాంకులో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద క్రెడిట్ కార్డు అడగడం. డిపాజిట్ హామీగా ఉంటుంది కాబట్టి పెద్దగా ప్రశ్నలు లేకుండా ఇస్తారు, డిపాజిట్ మీద వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. నెలకు రెండు మూడు వేలు వాడి మొత్తం కట్టేయండి. సాధారణంగా ఆరు నెలలకు స్కోరు ఏర్పడుతుంది. గృహిణులకు, ఇప్పుడే ఉద్యోగంలో చేరిన పిల్లలకు కూడా ఇదే చెప్తాను.

బ్యాంకుకు వెళ్లే వారం

వెళ్లడానికి ఒక వారం ముందు మళ్లీ రిపోర్టు తీయండి. ఉచితంగా వచ్చేది ఆ బ్యూరోలో అయిపోయి ఉంటే ఈసారి డబ్బు కట్టి తీసుకోవడం వృథా కాదు. సరిచేయించినవన్నీ నిజంగా మారాయో లేదో ఒక్కొక్కటీ టిక్ పెట్టుకోండి. ఇంకా మారనిది ఉంటే ఎన్‌ఓసీ, మెయిల్ జవాబు ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. అధికారి అడిగేదాకా ఆగకుండా మీరే ముందుగా చెప్పండి: ఈ ఖాతా ఫలానా నెలలో కట్టేశాను, ఇదిగో కాగితం, రికార్డు మారాల్సి ఉంది అని.

జీతం సంగతి ఇక్కడ వస్తుంది. స్కోరు 800 ఉన్నా, చేతికొచ్చే జీతంలో సగం ఇప్పటికే ఈఎంఐలకు పోతుంటే బ్యాంకు మీరడిగినంత ఇవ్వదు. మరో నాలుగైదు ఈఎంఐలతో అయిపోయే బైకు లోన్, ఫోన్ లోన్ ఉంటే వాటిని ముందే తీర్చేయండి. నెలకు 6 వేల ఈఎంఐ తగ్గితే, 20 ఏళ్లకు 8.5 శాతం వడ్డీతో దాదాపు 6 లక్షల 90 వేల అదనపు లోన్‌కు చోటు దొరికినట్టు.

ఇక అప్లికేషన్. రెండు మూడు బ్యాంకుల్లో ముందు మాటల్లోనే అడగండి: ఏ బ్యూరో స్కోరు చూస్తారు, నా స్కోరుకు ఏ స్లాబు, వడ్డీ ఎంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత. మీ రిపోర్టు మీ చేతిలోనే ఉంది కాబట్టి పాన్ ఇవ్వకుండానే ఈ మాటలన్నీ అడగొచ్చు. నచ్చిన ఒక్కచోటే ఫైల్ లాగిన్ చేయించండి. మీ స్కోరు పై స్లాబుకు ఐదారు పాయింట్ల దూరంలో ఆగిపోతే, కార్డు నిల్వ ఇంకా దించి రెండు మూడు వారాలు ఆగి రమ్మంటారా అని అధికారినే అడగండి. ఫ్లాటుకు అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఆ మాత్రం ఆగే వీలు మీకుంటుంది.